పద్దెనిమిదో గుంట దగ్గర దురాయి

అణాలు పోయి పైసలొచ్చిన అయిదారేళ్లకు సంగతి ఇది. ఇందుకూరుపేట దాటి సముద్రం వైపు వెళితే, సవుకుతోపులకూ జాలర్ల పాళేనికీ మధ్య ఇసకదిబ్బల మీద ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. మైకా వ్యాపారం చేసే దొరలు వేసుకున్నది. దొరలు వెళ్లిపోయేటప్పుడు వ్యాపారంతో పాటు దాన్నీ మనవాళ్లే కొనుక్కున్నారు. గూడూరు నుంచీ మద్రాసు నుంచీ కార్లలో వచ్చి, శని ఆదివారాలు ఆడుకుని వెళ్లేవాళ్లు. మా జనం దాన్ని దొరల గోలీలాట అనేవాళ్లు. కొన్నవాళ్లు నెల్లూరు మనుషులే అయినా ఆ పేరు మాత్రం మారలేదు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. పద్దెనిమిది గుంటలుంటాయి. ఒక్కొక్క గుంటకూ దూరం నుంచి బంతిని కర్రతో కొట్టుకుంటూ వచ్చి అందులో పడెయ్యాలి. ఎన్ని దెబ్బలు కొడితే అంత లెక్క. మొత్తం మీద ఎవరి దెబ్బలు తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. మంచి మైదానాల్లో గుంట చుట్టూ పచ్చిక పెంచుతారు. మా ఉప్పుగాలికి పచ్చిక నిలవదు. అందుకని ఇసకలో వాడేసిన ఇంజనాయిలు కలిపి, తొక్కించి, చాపంత నున్నగా ఒక వలయం చేసేవాళ్లు. నల్లిసక అనేవాళ్లం. దాని మీద అడుగుజాడలు పడతాయి కాబట్టి, బంతిని దొర్లించే ముందు ఆటగాడు పొడుగు పిడి ఉన్న చెక్కపలకతో బంతి దగ్గర నుంచి గుంట దాకా ఒకసారి సాపు చేసుకోవచ్చు. రెండోసారి లాగితే తప్పు.

నేను అప్పుడు ఉప్పుకొటారులో గుమాస్తాను. థర్డ్ ఫారం దాటలేదు. లెక్కలు నేర్చుకున్నది ఉప్పు కుప్పల దగ్గరే. కుప్ప చుట్టూ తాడు వేసి కొలిచి, ఎత్తు చూసి, ఎన్ని బస్తాలవుతుందో చెప్పేవాణ్ణి. మంచుకు కరిగేదాన్ని తీసేసి చెప్పేవాణ్ణి. దానికొక సూత్రం కూడా సొంతంగా కట్టుకున్నాను. అది కొంచెం తప్పని చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి కొటారే లేదు.

సీజనులో క్లబ్బువాళ్లు నన్ను అరువు తీసుకునేవాళ్లు. వరండా ముందర నల్లబోర్డు ఒకటి నిలబెట్టేవాళ్లు. మైదానంలోంచి కబురు రాగానే, ఎవరు ఏ గుంటకు ఎన్ని దెబ్బలు కొట్టారో సుద్దముక్కతో ఎక్కించి, కూడిక వెయ్యడం నా పని. ఆట చూడటం నాకు పెద్దగా చేతకాలేదు. కూడిక పెరిగే తీరు చూస్తే మాత్రం, అక్కడ దిబ్బల వెనక మనిషికి ఏమవుతోందో తెలిసేది. మూడు, నాలుగు, నాలుగు అని నడుస్తున్న వరసలో ఉన్నట్టుండి ఏడు పడితే, బంతి మొగలిపొదల్లోకి పోయిందనో, మనసు పోయిందనో అర్థం.

సీజనంటే అయిదు చోట్ల పోటీ. మద్రాసులో రెండు, గూడూరు అవతల గనుల దగ్గర ఒకటి, చిత్తూరు దారిలో చక్కెర మిల్లు వాళ్లది ఒకటి, ఆఖరున మాది. వానలు వెనకపట్టాక మొదలై శివరాత్రి దాటగానే అయిపోయేది. సభ్యులు కప్పు కోసం ఆడుకునేది వేరు. నేను చెప్పేది డబ్బుకు ఆడే వాళ్ల పోటీ. వాళ్లంతా ఒకప్పుడు దొరల సంచులు మోసినవాళ్లు, ఇసకలో పోయిన బంతులు వెతికినవాళ్లు. కాగితాల మీద ప్రొఫెషనల్ అని ఉండేది. వరండాలో కూలి ఆటగాడు అనేవాళ్లు. కూలి తీసుకుంటాడు కాబట్టి వరండా మెట్లెక్కకూడదు, నీళ్లు వెనక తొట్టి దగ్గర తాగాలి, అన్నం బండ్లషెడ్డులో తినాలి. మెట్లెక్కని ఆ మనిషి మీద పందెం కాయడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం ఉండేది కాదు.

మా మైదానం తరఫున ఆడేవాడు పాళెం మనిషే. ముప్పై లోపు వయసు. విసురువల వేసి వేసి నడుము దగ్గర తిరగడం అలవాటైన ఒళ్లు. బంతులు వెతకడానికి వచ్చి, ఎవరూ చూడనప్పుడు తుమ్మకర్రతో కొట్టి కొట్టి ఆట నేర్చుకున్నాడు. గాలి ఎటు మళ్లుతుందో బంతి కంటే ముందు అతనికి తెలిసేది. ఆ ఏడాది నాలుగు చోట్లా ఆడి, అందరికంటే తక్కువ దెబ్బలతో మా మైదానానికి తిరిగొచ్చాడు. వెనకాలే నాలుగు దెబ్బల తేడాతో మద్రాసు మనిషి ఒకడున్నాడు.

ఆ ఏడాది గెలుపుకు ఒక ప్రత్యేకత ఉంది. అయిదు చోట్ల దెబ్బలూ కలిపి ఎవరివి తక్కువైతే వాళ్లను మద్రాసు క్లబ్బు పనిలోకి తీసుకుంటానంది. సభ్యులకు ఆట నేర్పే పని. నెలజీతం, ఉండటానికి మైదానం వెనక ఒక గది. పెళ్లాంబిడ్డలు కూడా ఉండొచ్చు.

ఈ గది సంగతి నాకు అతని కంటే అతని భార్య ఎక్కువ చెప్పింది. చేపలు ఎండబెట్టడానికి ఉప్పు కోసం కొటారుకు వచ్చేది. తూకం వేసేలోపు అడిగేది.

"అన్నా, మా మావ ఎంతలో ఉండాడు?"

"రెండోవాడి కంటే నాలుగు తక్కువ."

"తక్కువా?" అని మొహం ముడుచుకుంది మొదటిసారి.

"తక్కువైతేనే గెలుపమ్మా."

"ఇదేం ఆటన్నా. మా పాళెంలో తక్కువ తెచ్చినోడికి కూడు పెట్టం." ఉప్పులో చెయ్యిపెట్టి రాళ్లు నలిపి చూసింది. "అయితే ఇంకా తక్కువ చెయ్యమని చెప్తా. మద్రాసులో ఆ గదికి సముద్రం ఎంత దూరమన్నా?"

"రెండు మైళ్లుంటుందేమో."

"చాలు. వినబడదు."

ఆమె నాయన సముద్రంలో పోయాడు. అమ్మ ఆ తర్వాత మంచం మీద పోయింది. మిగిలింది ఒక్క తమ్ముడు. వాడు కూడా తెప్ప మీద వేటకు పోయేవాడే. మొగుడికి మద్రాసు ఉద్యోగం వస్తే, తమ్ముణ్ణి కూడా తీసుకుపోయి ఆ క్లబ్బులో గడ్డి కోయించైనా బతికించాలని ఆమె ఆలోచన. నాతో ఆ మాట ప్రతి వారం చెప్పేది.

మా మైదానంలో పోటీ శనివారం, ఆదివారం. శుక్రవారం సాయంత్రం ఎప్పటిలాగే వేలంపాట జరిగింది. ఆటగాళ్లను మెట్ల కింద వరసగా నిలబెట్టారు. సభ్యులు కుర్చీల్లో కూచుని ఒక్కొక్కణ్ణి పాడుకున్నారు. గెలిచిన మనిషిని పాడుకున్నవాడికి పాట డబ్బంతా కలిపిన కుప్పలో పెద్ద వాటా. నిలబడ్డ మనిషికి అందులో ఏమీ లేదు. మా పాళెం ఆటగాడి వంతు రాగానే గూడూరు మైకా ఆసామి ఒకాయన ముందుకు వంగాడు.

"ఒకసారి తిరగమను."

క్లబ్బు సెక్రెటరీ వేలు గాల్లో తిప్పాడు. అతను తిరిగాడు.

"పళ్లు చూడవా?" అన్నాడు పక్క కుర్చీ ఆయన.

"పళ్లతో కొట్టడు గదబ్బా. చెయ్యెత్తమను. పోయినేడు తెప్ప మీంచి పడి భుజం జారిందన్నారే?"

"నాకు గాదు సార్," అన్నాడు అతను, ఎత్తిన చెయ్యి దించకుండానే. "మా బామ్మర్దికి."

"అట్టయితే మీ బామ్మర్దిని ఎవుడూ పాడుకోడులే," అన్నాడు ఆసామి. వరండా అంతా నవ్వింది. మద్రాసు మనిషీ నవ్వాడు. మా మనిషి కూడా నవ్వాడు, పాడుకునేవాళ్ల ముందు మొహం మాడ్చుకుంటే ధర తగ్గుతుందని అందరికీ తెలుసు. చివరికి ఆ ఆసామే అతన్ని పాడుకున్నాడు.

శనివారం అతను మంచి ఆట ఆడాడు. నాలుగు దెబ్బల తేడా అయిదయింది. సాయంత్రం నేను బోర్డు మీద కూడిక వేసి, చేతులు కడుక్కుంటుండగా కబురొచ్చింది. పొద్దున్నే వేటకు పోయిన బామ్మర్ది తెప్ప, మనిషి లేకుండా ఒడ్డుకొచ్చింది. వల దానికే చుట్టుకుని ఉందట.

పాళెంలో మనిషి సముద్రంలో పోయి శవం దొరక్కపోతే దురాయి పెడతారు. దురాయి అంటే ఆన. గంగమ్మ మీద, పోయినవాడి మీద ఒట్టు పెట్టి, పాళెమంతా పని ఆపమని ఊరిపెద్ద పెద్దకాపు చాటింపు వేయిస్తాడు. తెప్ప నీళ్లలోకి దించకూడదు, వల బాగు చెయ్యకూడదు, ఎవరి దగ్గరా కూలికి పోకూడదు. శవం దొరికేదాకా, దొరక్కపోతే మర్నాటి పొద్దు గుంకేదాకా. ఒకడి శవం నీళ్లలో ఉండగా ఇంకొకడు సంపాదించుకోకూడదని దాని భావం. దాటినవాణ్ణి వెలివేస్తారు. శనివారం దీపాలవేళకు దురాయి పడింది. అంటే ఆదివారం పొద్దు గుంకేదాకా అతను కర్ర పట్టకూడదు.

అతను తడిబట్టలతోనే క్లబ్బుకు వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను.

"సార్, ఒక్కరోజు. సోమవారం ఆడిద్దారి సార్."

సెక్రెటరీ పైప్ దులుపుతున్నాడు. "మద్రాసు వాళ్లకి పనుల్లేవా? చచ్చింది నువ్వా, మీ బామ్మర్దా?"

"బామ్మర్ది సార్."

"నువ్వు బతికే ఉన్నావు గదా. రేపు పది గంటలకి."

"మా పెద్దకాపు ఒప్పుకోడు సార్."

"మీ పెద్దకాపు మా మెంబరా?" అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అతను నా ఇంటికొచ్చి, పెద్దకాపుకు ఆట సంగతి చెప్పడానికి తోడు రమ్మన్నాడు. లెక్క చెప్పేవాడు చెబితే వింటాడని అతని ఆశ. వెళ్లాను. ఒడ్డున జనం అంతా నీళ్లకేసి చూస్తూ కూచున్నారు. ఎవరూ ఏ పనీ చెయ్యకుండా ఉంటే పాళెం అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. అతని భార్య అలలు తాకే చోట ఒక్కతే కూచుని ఉంది. పెద్దకాపు బోర్లించిన తెప్ప దుంగ మీద కూచుని చుట్ట కాలుస్తున్నాడు.

"అది పని గాదు మామా. ఆట," అన్నాడు అతను.

"ఆటా?"

"ఆటే. కర్రతో బంతి కొట్టేది."

"గెలిస్తే ఏమిస్తారంట?"

అతను నావైపు చూశాడు. నేను ఉద్యోగం సంగతి, గది సంగతి చెప్పాను.

"ఓడితే?"

"ఆడిన దినానికి కూలి ఇస్తారు," అన్నాను. ఉన్నమాట అదే.

పెద్దకాపు చుట్ట నోట్లోంచి తీశాడు. "ఓడినా కూలి ఇస్తారా? సముద్రంలో పొద్దస్తమానం చచ్చినా వట్టిచేతుల్తో వచ్చే దినాలు ఎన్నుండాయి మనకి? అట్టయితే మాదేరా ఆట. నీదే పని."

దుఃఖంలో ఉన్న ఒడ్డున కూడా నలుగురు కిసుక్కుమన్నారు.

"నేను ఆడికి పోయి నిలబడితే సాలు మామా, లేకుంటే మద్రాసోడు పోతాడు ఆ గదికి," అన్నాడు అతను.

"పొద్దు గుంకినాక ఆడుకోరా, ఎవురొద్దన్నారు? బంతి కనబడకపోతే మా ఆడోళ్లని కాగడాలు పట్టుకోమంటా." ఈసారి ఎక్కువమంది నవ్వారు. పెద్దకాపు మాత్రం నవ్వలేదు. "నీ పెళ్లాం తోడబుట్టినోడు నీళ్లలో ఉండాడు. చేపలు తింటా ఉంటాయి. నువ్వు పోయి కూలి తీసుకుంటావా? తీసుకో. ఆమెకాడికి పోయి అడుగు."

అతను భార్య దగ్గరకు వెళ్లలేదు. శవాన్ని దక్షిణం దిక్కు వెతుకుతానని చెప్పి ఒడ్డు వెంట నడిచాడు. దక్షిణం దిక్కునే క్లబ్బు కంచె. వెతుకుతూనే నడిచాడని నేను నమ్ముతాను, పది గంటలకు మైదానంలోకి వచ్చినప్పుడు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. సెక్రెటరీ ఆ తడి చూసి, క్లబ్బు బూట్లు ఇసకపాలు చేస్తున్నాడని తిట్టాడు.

ఆ రోజు బోర్డు మీద అతని వరస చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. మొదటి మూడు గుంటలకు అయిదేసి పడ్డాయి. ముందున్న తేడా కరిగింది. తర్వాత కుదురుకున్నాడు. మూడు, నాలుగు, నాలుగు. మధ్యలో ఒకటి ఆరు. దిబ్బల మీంచి పాళెం కనిపించే గుంట అది. మద్రాసు మనిషి అతని కంటే ముందు జట్టులో ఆడి, ముగించి, వరండా కింద గొడుగునీడలో కూచుని వేరుశనక్కాయలు వొలుచుకుంటున్నాడు. వాడి కూడిక బోర్డు మీద పూర్తయింది. కాబట్టి పద్దెనిమిదో గుంటకు మా మనిషి ఎన్ని దెబ్బల్లో వేస్తే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. అయిదైతే గెలుపు. ఆరైతే సమానం. ఏడైతే గది మద్రాసు వాడిది.

మూడో దెబ్బకు బంతి నల్లిసక మీద పడి ఆగింది. గుంటకు రెండు బారల దూరం. రెండు దెబ్బల్లో వేస్తే చాలు. ఆ సీజను మొత్తం మీద ఆ దూరం నుంచి అతను రెండు దాటిన సందర్భాలు నేను వేళ్ల మీద చెప్పగలను. సభ్యులు గ్లాసులతో కుర్చీల్లోంచి లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. గుంట వరండాకు దగ్గరే. నా బోర్డు పక్కనే.

అప్పుడు కంచె దగ్గర పెద్దకాపు, మరో ఇద్దరు కనిపించారు. వాళ్లు లోపలికి రాలేదు. వాళ్ల వెనకనుంచి అతని భార్య ముళ్లతీగ ఎత్తుకుని దూరి వచ్చింది. చేతిలో వేపమండ.

దురాయి దాటుతున్నవాడికి దారిలో వేపమండ నాటాలి. పోయినవాణ్ణి కన్నవాళ్లో తోడబుట్టినవాళ్లో నాటాలి. ఆ తమ్ముడికి అలా మిగిలింది ఆమె ఒక్కతే. అందుకని పెద్దలు ఆమెనే పంపారు. జుట్టు విరబోసుకుని, చీర అంతా ఉప్పునీళ్లతో బిరుసెక్కి, సభ్యుల మధ్యనుంచి నడిచి వచ్చింది. ఎవరో చెయ్యి అడ్డం పెట్టబోయి, తడిచీర తగులుతుందని వెనక్కి తీసుకున్నారు. నల్లిసక మీదకొచ్చి, బంతికీ గుంటకూ మధ్య మండ నాటింది.

"మా తమ్ముడి మీద దురాయి. ఈ మండ దాటి నువ్వు పని చెయ్యకూడదు," అంది. గొంతు పెద్దదిగానే ఉంది, కంచె దాకా వినిపించేంత. ఆ తర్వాత పక్కకు జరిగి, మండకేసి చూస్తూ నిలబడింది.

ముందు తేరుకున్నది అతన్ని పాడుకున్న ఆసామి. "తీసెయ్ దాన్ని," అన్నాడు ఒక నౌకరుతో.

"ఎట్టా తీస్తాడు?" అన్నాడు మద్రాసు మనిషిని పాడుకున్నాయన. "నేలలో నాటిన చెట్టు. నాటిందాన్ని పీకకూడదు. రూల్సు తియ్యండి."

"చెట్టా? కొమ్మ అది."

"వేరు పోసుకుంటే చెట్టే."

సెక్రెటరీ నిజంగానే పుస్తకం తెప్పించి, అద్దాలు పెట్టుకుని చదివాడు. విరిగిన కొమ్మ అయితే అడ్డం తీసేసుకోవచ్చు, తీసేది ఆటగాడే అయితే మేలు, ఇది పెరిగే మొక్క కాదు కాబట్టి కొమ్మ కిందే లెక్క అన్నాడు. "ఈ ఆడమనిషి దాన్ని పెంచుకోవడానికి నాటలేదు గదా?" అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు. ఆమెకు అర్థమయిందో లేదో తెలియదు. తల ఎత్తలేదు.

"విన్నావు గదా. తీసేసి కొట్టు," అన్నాడు సెక్రెటరీ.

"తీసేసి కొట్రా," అన్నాడు ఆసామి. "రెండు దెబ్బల పని. తర్వాత కూచుని ఏడ్చుకుందురు మొగుడూ పెళ్లాలు."

అతను భార్యకేసి చూశాడు. "మే," అని మెల్లగా పిలిచాడు. నాకు వినిపించింది. ఆమె మండకేసే చూస్తోంది.

అతను చెక్కపలక తీసుకున్నాడు. బంతి ముందు ఆనించి లాగడం మొదలుపెట్టాడు. నల్లని ఇసక నున్నగా పరుచుకుంటూ పోయింది. మండ దగ్గరకు వచ్చేసరికి పలక ఆగింది. పలక అంచున ఇసక చిన్న గట్టులా పోగయింది. సెక్రెటరీ వాచీ చూసుకుని, ఇంక ఆలస్యం చేస్తే శిక్షగా ఒక దెబ్బ కలుపుతానన్నాడు. అది కలిపినా సమానమే అవుతుందని నేను మనసులో కూడుకున్నాను. ఇంకొంచెం టైము ఉంది అతనికి.

అతను పలక కింద పెట్టాడు. వంగి బంతిని చేత్తో తీసుకున్నాడు.

బంతిని గుంటలో వెయ్యకుండా చేత్తో తీస్తే, ఆ గుంట పోయినట్టే. ఒక గుంట పోతే మిగతా పదిహేడూ పోయినట్టే. మనిషి ఆ పోటీలో ఆడనే లేదని లెక్క. నేను అతని వరస మీద అడ్డంగా గీత గీశాను. మద్రాసు మనిషి వేరుశనగ పొట్టు దులుపుకుని లేచాడు.

ఆసామి తిట్లు ఇక్కడ రాయను. "తినేది మా కూడు, వినేది చచ్చినోడి మాటా?" అన్నది వాటిలో మెత్తనిది. క్లబ్బు కర్రలు కింద పెట్టించారు. బూట్లు విప్పించారు. ఎండకు ఇసక కాలుతోంది. అతను వట్టికాళ్లతో కంచె దాకా నడిచాడు. భార్య అంతకుముందే వెళ్లిపోయింది. వేపమండ అక్కడే ఉంది. సభ్యులెవరో దాని చుట్టూ బంతి దొర్లించే పందెం పెట్టుకున్నారు.

శవం దొరకలేదు.

ఆ వారంలోనే పాళెంలో పంచాయితీ పెట్టారు. నాకు కబురొచ్చింది. సాక్ష్యం చెప్పాలన్నారు. అతను మధ్యలో నిలబడి ఉన్నాడు. భార్య ఆడవాళ్లలో కూచుని ఉంది. మండ పెట్టగానే ఆగిపోయాడు కదా, కాస్త చూసీచూడనట్టు పోతారని నేను అనుకున్నాను.

"లెక్కలయ్యా," అన్నాడు పెద్దకాపు, "మండ పెట్టేటప్పటికి ఎన్ని గుంటలు ఆడినాడు?"

"పదిహేడు. పద్దెనిమిదో దాంట్లో మూడు దెబ్బలు."

"పదిహేడు నిండా ఆడినాడు."

"ఆడాడు. కానీ క్లబ్బు వాళ్లు ఒక్కటీ లెక్కలోకి తీసుకోలేదు. ఆఖరిది వదిలేస్తే అన్నీ కొట్టేస్తారు. వాళ్ల బోర్డు మీద ఇతను ఆడనట్టే."

"ఆ దినం కూలి?"

"ఇవ్వలేదు."

"ఇయ్యకపోతే వాళ్ల తప్పు. వాళ్ల లెక్క వాళ్లది. వీడు నా కళ్లముందు ఒడ్డు వెంట పోయినాడు, శవాన్ని ఎతుకుతానని చెప్పి. పదిహేడు గుంటల కాడ కర్ర ఎత్తినాడు. ఆడినాడా, ఆడలేదా?"

నేను ఆడాడనే చెప్పాలి. చెప్పాను.

వచ్చే జాతర దాకా అతనికి పెద్దవల వేటలో వాటా లేదన్నారు. పాళెం తెప్ప ఏదీ ఎక్కకూడదు. నిప్పు, నీళ్లు ఇవ్వకూడదు. మండ నాటింది కాబట్టి భార్యకు శిక్ష లేదు. కావాలంటే మేనమామ ఇంట్లో ఉండొచ్చు. మొగుడి దగ్గర ఉంటే మాత్రం ఆమెకూ నీళ్లు బందు. పొద్దున్నుంచీ ఇంట్లో కూచుని ఉంటే ఈ శిక్ష పడేది కాదు. ఆ రెండు దెబ్బలు కొట్టేసి ఉన్నా ఇంతకు మించిన శిక్ష ఆ పాళెంలో లేదు, పైగా గది దక్కేది. నేను ఎన్ని రకాలుగా కూడినా, అతను ఎంచుకున్న ఆ ఒక్కచోటే రెండు వైపులా పోయేది.

తర్వాత ఒక సాయంత్రం అతను కొటారు గేటు దగ్గర కూచుని ఉన్నాడు. ఏటవతల పాళెం వాళ్ల తెప్ప మీద కూలికి కుదిరానని నాతో చెబుతున్నాడు. అంతలో భార్య ఉప్పు కోసం వచ్చింది. మేనమామ ఇంటి నుంచి. అతన్ని చూసి ఆగింది. నేను తక్కెడలో ఉప్పు పోస్తున్నాను.

"నామీద కోపమా మే?" అన్నాడు అతను.

"మండ పెట్టమన్నారు, పెట్టినా. ఊరంతా కంచెకాడ నిలబడి ఇంటావుంటే పెట్టక చస్తానా? నిన్ను ఆగమని ఎవురన్నారు?"

"నువ్వే గదా దురాయి అన్నావు."

"అన్నా. అనమన్నారు, అన్నా. నువ్వు కొడతావని గదా అన్నా." ఆమె గోనెసంచి నోరు తెరిచి తక్కెడ కింద పట్టింది. "నా తమ్ముడు పోయినాడు. మండ పెడితే వస్తాడా? వాడి పేరు చెప్పి నువ్వు ఆగితే వస్తాడా? పదిహేడు కొట్టినోడివి. ఆ ఒక్కదానికాడ నీకు యాడలేని ధర్మం వచ్చింది మావా?"

అతను ఇసకలో వేలితో ఏదో గీస్తూ కూచున్నాడు.

ఆమె సంచి మూతి బిగించి, చుట్టకుదురు తల మీద పెట్టుకుని, నన్ను మూట ఎత్తమంది. ఎత్తాను. రెండడుగులు వేసి, అతనికేసి తిరక్కుండానే అంది:

"ఏటవతలోళ్ల తెప్ప మీద పోతావంట గదా. పో. ఏ పొద్దు పోతావో నాకు మాత్రం చెప్పబాక."